క్యాబేజీకి మండె కట్టిన ఏడాది

హిమాలయ ప్రాంతంలో కూరగాయల సాగుపై నేను శిక్షణ పొందినట్టు ఒక సర్టిఫికెట్ ఉంది. పైన మంచుకొండ బొమ్మ, కింద ఇద్దరు అధికారుల సంతకాలు, మధ్యలో నా పేరు. చూసినవాళ్ళు "అబ్బో, అంత దూరం వెళ్ళారా!" అంటారు. వెళ్ళాను, ఆ మాట నిజమే. అక్కడ ఏం చేశానో చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది. వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడుగుతుంటారు. అనుభవాలంటే విజయాలని వాళ్ళ ఉద్దేశం. అవీ కొన్ని ఉన్నాయి గానీ, చెబితే మీకు నిద్ర ముంచుకొస్తుంది. అందుకని ఇది చెబుతున్నాను.

డెబ్బైల మొదట్లో పామర్రు దగ్గర్లో ఒక పంచాయతీ సమితిలో గ్రామసేవక్‌గా చేరాను. బెజవాడ కృష్ణలంకలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో పచ్చదనమంటే పాత నూనెడబ్బాలో ఒక గులాబీ మొక్క, దాని జోలికి కూడా మా అమ్మ నన్ను వెళ్ళనిచ్చేది కాదు. శిక్షణ కేంద్రంలో వరి గురించి, చెరకు గురించి చదివాను. క్యాబేజీ, కాలీఫ్లవరు, క్యారెట్టు లాంటివాటిని అప్పట్లో ఇంగ్లీషు కూరలనేవాళ్ళం. వాటి పాఠం పుస్తకంలో ఆఖరున ఉండేది. పరీక్షలో రాదని తెలిసి మేమంతా దాన్ని అక్కడే వదిలేశాం. ఒక సైకిలు, ఒక డైరీ, రెండేళ్ళ ప్రొబేషన్ నా చేతికిచ్చి, రైతులకు వ్యవసాయం నేర్పమని పంపారు.

నా పైఅధికారి మా వ్యవసాయ విస్తరణాధికారిగారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. మనసు వెన్న. ఆయనకున్న బలహీనత ఒక్కటే: పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే ఏదో ఒకటి చూపించి తీరాలి. ఒకసారి చేపల చెరువు ప్రారంభోత్సవానికి చేపపిల్లలు సమయానికి రాలేదు. ఆయన ఏమాత్రం కంగారుపడకుండా పక్క ఊరి చెరువులోంచి మూరెడేసి బొచ్చె చేపలు పట్టించి ఇందులో వదిలించారు. వచ్చిన అధికారి వాటిని చూసి ఆశ్చర్యపోయి, "పిల్లల్ని ఎప్పుడు వదిలారు?" అనడిగితే, "పొద్దున్నే సార్" అన్నారు.

కొండల్లో శిక్షణకు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది నిజానికి ఆయన పేరు మీదే. చదివి, మడిచి, నా జేబులో పెట్టారు.

"నాది జలుబు ఒళ్ళోయ్. నీకింకా పెళ్ళీ పెటాకులూ లేవు. నువ్వెళ్ళిరా."

మూడు రోజులు రైల్లో, ఆపైన గుండె నోట్లోకి వచ్చే మలుపుల మీద ఒకటిన్నర రోజు బస్సులో వెళితే ఆ లోయ వచ్చింది. చుట్టూ కొండలు, వాటి నెత్తిన మంచు. వసంతకాలమని చెప్పారు. వాళ్ళ వసంతం ముందు మా పుష్యమాసం ఎండాకాలం. తోట చూసే ముసలాయన కాళ్ళదాకా ఉన్ని కోటు వేసుకుని, నడుముకు తాడు చుట్టుకుని ఉండేవాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. మొదటిరోజు తోటంతా తిప్పి చూపించాడు. మెట్లు మెట్లుగా మళ్ళు, జల్లించిన పిండిలా మట్టి. నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయని చేతులతో అడిగాను. ఆయన కొండ శిఖరం వైపు వేలు చూపించి, మంచు కరిగి జారి వస్తుందని వేళ్ళు ఆడించాడు. కాలవ లాకులు ఎత్తే తేదీ ఇరిగేషన్ వాళ్ళు ముందుగా ప్రకటిస్తే తప్ప నీళ్ళుంటాయని నమ్మని ప్రాంతం మాది. ఈ కొండ ఎవరి ఆర్డరు మీద నీళ్ళు వదులుతుందో నాకు అంతుపట్టలేదు.

రెండోరోజు విత్తనాలు వేయడం. శిక్షణంతా అసలు ఆ ఒక్క రోజు కోసమే. ముసలాయన తెల్లారకముందే వచ్చి తలుపు కొట్టాడు. నేను మూడు రజాయిల కింద, మంకీ క్యాప్‌లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి ఉన్నాను. జ్వరమని సైగ చేసి, నమ్మకం కలిగేలా రెండుసార్లు దగ్గాను. ఆయన నా నుదురు ముట్టుకుని చూశాడు. అది ఐసుముక్కలా ఉంది. చిన్నగా నవ్వి, వేడి టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మంచు పట్టిన కిటికీ అద్దంలోంచి చూస్తే, ఆయన గొంతుక్కూర్చుని వేలితో మట్టిలో గీత గీయడం, చిటికెలతో ఏదో రాల్చడం, ఎండుటాకులు కప్పడం లీలగా కనిపించాయి. మిగతా రాష్ట్రాల వాళ్ళంతా ఆయన చుట్టూ వంగి నోట్సు రాసుకుంటున్నారు. అద్దం మీద మంచు రెండుసార్లు తుడిచాను. మూడోసారి బద్ధకించాను. అదీ నా శిక్షణ. మిగిలిన రోజుల ఉపన్యాసాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. అవి జరిగే గదిలో ఇనప పొయ్యి ఉండేది.

వచ్చేసేటప్పుడు ముసలాయన విత్తనాల రేకుడబ్బా నా చేతికిచ్చి, వేలు ఆడిస్తూ, కళ్ళలోకి చూస్తూ, చాలా పొడుగ్గా ఏదో చెప్పాడు. నేను "అచ్ఛా" అన్నాను. ఏం చేయకూడదో అదంతా ఆయన ఆ మాటల్లోనే చెప్పి ఉంటాడని నాకిప్పటికీ అనుమానం.

ఆ ఏడాదే నాకు ఒక సంబంధం వచ్చింది. హనుమాన్ జంక్షన్ దగ్గర మిషన్ స్కూలు హెడ్‌మాస్టారుగారి అమ్మాయి, తనూ అదే స్కూల్లో రెండో తరగతి టీచరు. పెళ్ళిచూపుల్లో నాలుగు మాటలు మాట్లాడిందో లేదో, నాకు మాత్రం ఇక వేరే ఎవరూ అక్కర్లేదనిపించింది. అబద్ధం చెప్పిన పిల్లల్ని ఆమె తిట్టదనీ, కొట్టదనీ, ఊరికే చూస్తూ నిలబడుతుందనీ, వాళ్ళే ఒప్పుకుంటారనీ హెడ్‌మాస్టారుగారు మురిసిపోతూ చెప్పారు. తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"చూడు బాబూ, మాకు ఇంకో సంబంధం కూడా ఉంది. రైల్వే గుమాస్తా. అతనిది పర్మనెంటు. నీది ప్రొబేషన్. లెంటు ఉపవాసాలు మొదలైతే ఈస్టరు దాకా మన చర్చిలో ఆ నలభై రోజులూ పెళ్ళిళ్ళు చెయ్యరు. ఆలోగా నీ కాగితం వచ్చిందంటే సరే. రాకపోతే ఏమీ అనుకోవద్దు."

నేను ఏమీ అనుకోనని చెప్పి, ఇంటికి వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

సరే, వానలు వెనకబట్టాయి. ఊరి చివర పంటకాలవ పక్కన సమితికి ఇరవై సెంట్ల నేలచెక్క ఉండేది. అక్కడ కొండ కూరల ప్రదర్శన క్షేత్రం వేయాలి. అది బాగా పండితే నా ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టిస్తానని మా ఆఫీసరుగారు మాటిచ్చారు. పనికి ఆ ఊరి నాట్ల ముఠాను పిలిచాం. ముఠాకు పెద్ద ఒక నడివయసు ఆవిడ. ఆమె చెయ్యి పడ్డ నారుమడి పలచనవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. రేకుడబ్బా మూత తీసి, ఒక పొట్లంలోని గింజలు అరచేతిలో పోసుకుని చూసింది.

"ఇంత సన్నంగా ఉన్నయ్యేంటండీ, ఆవగింజల్లాగా? బాబుగారూ, వీటికి మండె కట్టాలాండీ?"

మా డెల్టాలో వరి విత్తనాన్ని ఒక రోజంతా నీళ్ళల్లో నానబెట్టి, గోనెసంచిలో పోసి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టి ఉంచుతారు. లోపల వేడి పుట్టి మొలక వస్తుంది. మొలకెత్తిన గింజను నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేసిన బురదలో చల్లుతారు. దాన్నే మండె కట్టడం అంటారు. వరికి అది ప్రాణం. క్యాబేజీకి ఏమిటో నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే పోయేది. కానీ ఆమె వెనకాల పన్నెండుమంది ఆడవాళ్ళు నావంకే చూస్తున్నారు. హిమాలయాలకు వెళ్ళొచ్చినవాడని మా ఆఫీసరుగారు అప్పటికే ఊరూరా చాటించి ఉన్నారు.

"కట్టాలి" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "కొంచెం గట్టిగా కట్టాలి" అని కూడా అన్నాను.

"గట్టిగా ఎందుకండీ?"

"చలిదేశపు గింజలు కదమ్మా. వాటికి వేడి ఎక్కువ తగలాలి."

"చూశారటే, చదువుకున్నోళ్ళు చదువుకున్నోళ్ళే" అందామె వెనక్కి తిరిగి.

ఐదు రకాల గింజలు ఐదు గుడ్డల్లో మూటలు కట్టి, నానబెట్టి, గోనెలో వేసి, గడ్డి కప్పి, వాళ్ళ గొడ్లచావిట్లో ఒక మూల పెట్టి పైన తిరగలిరాయి ఎత్తింది. నా మాట మీద గౌరవం కొద్దీ రెండో తిరగలిరాయి పక్కింటి నుంచి అరువు తెచ్చింది. రెండు రోజుల తర్వాత విప్పితే చావిట్లో గేదె కూడా మొహం తిప్పుకుంది.

"పులిసిపోయిన కంపు కొడుతున్నయ్యండీ."

"కొండ గింజల వాసనే అంత."

ఆమె ఒక క్షణం నా మొహంలోకి చూసి, నా మాటే నమ్మింది. చెక్కను నారుమడిలా దమ్ము చేసి, నీళ్ళు తీసేసి, ఆ గింజల్ని అంత పొందిగ్గా చల్లింది. మర్నాడే ముఠా మొత్తం వరికోతలకు లంకల వైపు వెళ్ళిపోయింది. మినుము పీకుళ్ళు కూడా అయ్యాక గానీ రారు.

మూడోరోజు ఏమీ మొలవలేదు. పదోరోజూ మొలవలేదు. పదిహేనోరోజు సన్నగా, పచ్చగా ఏదో లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. క్యారెట్టు ఆకు సన్నగా ఉంటుందని చదివిన గుర్తు. వారం రోజులు బిందెలతో నీళ్ళు మోసి పోశాను. గట్టు మీద వెళుతున్న రైతు ఒకాయన ఆగి, "తుంగగడ్డికి నీళ్ళు పోస్తన్నారేంటండీ?" అన్నాడు. పరిశోధన అని చెప్పాను. ఆయన నా మీద జాలిపడి, పరిశోధన ఎప్పటికి అయిపోతుందని అడిగి వెళ్ళాడు.

ఇంకో డబ్బా విత్తనాలు పంపమని కొండల్లోకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంతలో పక్షానికోసారి పంపాల్సిన నివేదిక గడువు వచ్చింది. మొలవలేదని రాయడానికే కూర్చున్నాను. కలం మొదట "మొలక సంతృప్తికరం" అని రాసింది. ఆ తర్వాత వెనక్కి రావడం కుదరలేదు. రెండో నివేదికలో "నాలుగాకుల దశ". మూడోదానిలో "పెరుగుదల ఏపుగా ఉన్నది". మరీ అంతా బాగుంటే ఎవరికైనా అనుమానం వస్తుందని, నాలుగోదానిలో "పేనుబంక స్వల్పంగా కనిపించినది, సకాలంలో అదుపు చేయడమైనది" అని రాశాను. క్రిస్మస్ దాటేసరికి కాగితం మీద నా క్యాబేజీలు గడ్డలు కట్టడం మొదలుపెట్టాయి. రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. నిజం చెబితే ప్రొబేషన్ పోతుంది, ప్రొబేషన్ పోతే ఆ అమ్మాయి రైల్వే గుమాస్తా ఇంటికి వెళ్ళిపోతుంది. ఎటు తిరిగీ అక్కడికే వచ్చేవాణ్ణి.

నివేదికలు మా ఆఫీసరుగారి చేతుల మీదుగా బెజవాడ చేరాయి. అక్కడి పెద్ద ఆఫీసరుగారికి నచ్చాయి. లెంటు మొదలయ్యే ముందు వారంలో స్వయంగా వచ్చి క్షేత్ర దినోత్సవం జరుపుతానని కబురు పంపారు. నా ప్రొబేషన్ కాగితం మీద అక్కడే సంతకం. మా ఆఫీసరుగారు ఆనందం పట్టలేక, హనుమాన్ జంక్షన్ హెడ్‌మాస్టారుగారికి కూడా కార్డు రాసి పడేశారు, కుమార్తెతో సహా వచ్చి కాబోయే అల్లుడి ఘనత చూడవలసిందిగా.

మూడు రోజుల ముందు ఆయన షామియానా ఎక్కడ వేయాలో చూద్దామని నా సైకిలు వెనక కూర్చుని వచ్చారు. అదే మొదటిసారి రావడం. చెక్క గట్టు మీద నిలబడి అటు చివర నుంచి ఇటు చివర దాకా చూశారు.

"నాలుగాకుల దశ ఏదోయ్?"

నేను మొత్తం చెప్పేశాను. కిటికీ అద్దం నుంచి తిరగలిరాయి దాకా. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. గట్టు మీద కూర్చుని, పొడుంకాయ తీసి, ఒక పట్టు పీల్చి, తుమ్మి, "క్యాబేజీలు ఎన్ని కావాలోయ్?" అన్నారు.

ఇది తప్పని నాకు తెలుసు. తెలిసీ సరేనన్నాను. కారణం మీకు తెలుసు.

ఆ రోజు తెల్లవారుతుండగా సమితి జీపు కాలవగట్టు మీద ఆగింది. బెజవాడ మార్కెట్టులో కొన్న కూరగాయలు గోనెల్లో ఉన్నాయి. డ్రైవరు భాయి తరాల నుంచి బెజవాడ వన్‌టౌన్ మనిషి, జీపులో జరిగేది బయట చెప్పడన్న పేరున్నవాడు.

"ఇంత కూర ఎవరింట్లో పెళ్ళికి భాయ్ అని మార్కెట్లో అడిగార్సార్. ఏం చెప్పాలో తెలవక నవ్వేసొచ్చా" అన్నాడు.

ముగ్గురం పంచెలు, ప్యాంట్లు పైకి మడుచుకుని దిగాం. నేల బిందెలతో తడిపి మెత్తన చేశాం. మా ఆఫీసరుగారు టేపు పట్టి అడుగున్నరకు ఒకటి చొప్పున క్యాబేజీలు నాటించారు. ఎక్కడన్నా వరస వంకరపోతే పీకించి మళ్ళీ పెట్టించారు. కాలీఫ్లవర్లకు ఆకులు సర్దారు. క్యారెట్లకు పుల్లతో గుంట చేసి దించాం. ఏడింటికల్లా చెక్క నిండిపోయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా అందంగా ఉంది. నా సర్వీసు మొత్తంలో అంత పద్ధతిగా వేసిన తోట మరొకటి లేదు.

పదిన్నరకు పెద్ద ఆఫీసరుగారు వచ్చారు. మైకు, కొబ్బరిబొండాలు, యాభై అరవైమంది రైతులు. హెడ్‌మాస్టారుగారూ, ఆ అమ్మాయీ పామర్రులో బస్సు దిగి కాలవగట్టు వెంట నడిచొచ్చారు. ఆమె నీలంచీర కట్టుకుని గొడుగు వేసుకుని ఉంది. పెద్ద ఆఫీసరుగారు గట్టు మీద నుంచి తోట చూసి "భేష్" అన్నారు. హెడ్‌మాస్టారుగారు నావంక చూసి తలూపారు. మరీ దగ్గరికి వెళ్ళకుండా మా ఆఫీసరుగారు పెద్ద ఆఫీసరుగారి చేతిలో వరసగా బొండాలు పెడుతున్నారు.

అప్పుడు వచ్చింది నాట్ల ముఠా. క్రితం సాయంత్రమే లంకల నుంచి తిరిగొచ్చారట. తను చల్లిన గింజలు మొలవలేదన్న సంగతి ముఠా పెద్దకు తెలియదు. సిగ్గుకొద్దీ నేను ఆమెకు కబురు పెట్టలేదు. గట్టెక్కి చూసి నోటి మీద చెయ్యేసుకుంది. ఆ కళ్ళల్లో సంతోషం చూడలేక నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఓయమ్మో! మన మండేనే! మన చావిట్లో కట్టిన మండేనే ఇదీ!"

పెద్ద ఆఫీసరుగారు చెవులు నిక్కించారు. "మండె కట్టారా? క్యాబేజీకా?"

"అవునండీ, రెండు తిరగలిరాళ్ళ మండె. బాబుగారే చెప్పారండీ, చలిదేశం గింజ గట్టిగా కట్టమని."

"కొత్త పద్ధతి సార్" అన్నారు మా ఆఫీసరుగారు, ఏమాత్రం తడుముకోకుండా.

పెద్ద ఆఫీసరుగారు మైకు అందుకున్నారు. హిమాలయాల విజ్ఞానమూ, మన డెల్టా రైతుల అనుభవమూ కలిసిన ఈ పద్ధతిని సర్క్యులరుగా అన్ని సమితులకూ పంపిస్తానని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. రైతులు ముఠా పెద్ద చుట్టూ మూగారు. ఎన్ని గంటలు నానాలి? రాయి ఎంత బరువుండాలి? ఒకాయన రోలు పెడితే సరిపోతుందా అని అడుగుతున్నాడు. ఆమె ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెబుతోంది. డెల్టా పొడుగునా చావిళ్ళల్లో తిరగళ్ళ కింద కుళ్ళిపోతున్న గింజలు నా కళ్ళకు కట్టాయి. నా పెళ్ళి కోసం నేను నా తోట పాడుచేసుకోవచ్చు. వీళ్ళందరి తోటలూ ఎట్లా పాడుచేస్తాను?

మైకు దగ్గరికి ఎట్లా నడిచానో తెలియదు.  "ఎవరూ మండె కట్టకండి" అన్నాను. "నేను వేసిన గింజ ఒక్కటి కూడా మొలవలేదు. కొండల్లో విత్తనాలు వేయడం నేను చూడలేదు. చలికి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఈవిడ అడిగితే తెలియక కట్టమన్నాను. తప్పు నాది. ఇక్కడ మీరు చూస్తున్న తోట నాది కాదు."

 పెద్ద ఆఫీసరుగారు నా భుజం తట్టి మైకు తీసుకున్నారు.

"చూశారా, ఈ యువకుడి వినయం! ఇంత సాధించి, నేనేమీ చెయ్యలేదంటున్నాడు!"

ముందటికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నేను చెప్పిన అతి పెద్ద నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు.  జీపు దగ్గర నుంచి డ్రైవరు భాయి కేక వినిపించింది.

"సాబ్! కూరగాయలు వచ్చేస్తన్నయ్!"

సంగతేమిటంటే, ఎండెక్కేసరికి వేరులేని ఆకులు వాలిపోయాయి. పైరు వాడితే మా డెల్టా మనిషి చేతులు కట్టుకుని చూడలేడు. తూము ఎత్తేస్తాడు. ముఠా పెద్ద రైతులకు మండె పాఠం చెబుతూనే, "పాపం పైరు వాడిపోతందే, నీళ్ళు పెట్టండే" అని తన మనుషుల్ని పంపింది. వాళ్ళు వరికి పెట్టినట్టు నిండుగా పెట్టారు. మేం పొద్దున తడిపి మెత్తన చేసిన నేల ఇంకా మెత్తనయింది. ముందు చివరి వరసలో ఒక క్యాబేజీ కదిలింది. ఓ చుట్టు తిరిగింది. లేచింది. దాని వెనక ఇంకోటి. గట్టుకు గండి ఉన్న చోటికి అన్నీ చేరి, అక్కణ్ణుంచి షామియానా పక్కగా పోయే బోదె కాలవలోకి దిగి, ఒకదాని వెనక ఒకటి వరస తప్పకుండా, పెద్ద ఆఫీసరుగారి కుర్చీ ముందు నుంచి సాగిపోయాయి. కాలీఫ్లవర్లు ఆకులు విప్పుకుని మధ్య మధ్య వచ్చాయి. క్యారెట్లు మాత్రం మునిగి మర్యాద కాపాడాయి.

పెద్ద ఆఫీసరుగారు వంగి ఒక క్యాబేజీని పట్టుకున్నారు. తిరగేశారు. అడుగున కత్తితో కోసిన గుర్తు.

"దీని వేరు ఏదండీ?"

మా ఆఫీసరుగారు గబుక్కున ఇంకో బొండాం అందించారు. 

"ఐతే ఈ అబ్బాయిది వినయం కాదన్నమాట" అన్నారు పెద్ద ఆఫీసరుగారు. ముందు ఒక రైతు నవ్వాడు. తర్వాత గట్టంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నా ఫైలు తీయించి, అక్కడే కుర్చీలో కూర్చుని రాశారు. ప్రొబేషన్ ఆరునెలలు పొడిగింపు. "మొలవనిదాన్ని మొలవలేదని రాయడం ఈ ఆరునెలల్లో నేర్చుకో" అన్నారు నాతో. "ఈ కూర పారెయ్యకుండా మధ్యాహ్నం భోజనాల్లోకి వండించండి. మీరే దగ్గరుండి వడ్డించండి" అన్నారు మా ఆఫీసరుగారితో. ఆయన వడ్డించారు. కొసరి కొసరి వడ్డించారు కూడా.

ముఠా ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని బోదెలో దిగి క్యాబేజీలు ఏరుతున్నారు. నేనూ దిగాను. ముఠా పెద్ద నావైపు చూడలేదు. అందరి ముందూ నవ్వులపాలైంది నాకంటే ఎక్కువ ఆమే.

"నన్ను క్షమించమ్మా. ఆ రోజు నువ్వడిగినప్పుడు నాకు తెలియదని చెప్పాల్సింది" అన్నాను.

ఆమె ఒక క్యాబేజీని గంపలో వేసి నడుం ఎత్తింది. "చెపితే నేనేవన్నా కొడతానా బాబుగారూ? నాకూ తెలవదు గదా, అందుకేగా అడిగాను. ఇద్దరం కలిసి తెలిసినోళ్ళ దగ్గరికి ఎళ్ళేవోళ్ళం." ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పిల్లలూ, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు జరిగిన అసలు శిక్షణ అదే, మోకాలిలోతు నీళ్ళల్లో.

గట్టు మీద హెడ్‌మాస్టారుగారు కూతురి చేతికి గొడుగు అందిస్తున్నారు. "పదమ్మా, రెండింటి బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రమే" అంటున్నారు. ఇక చెప్పడానికేముంది. ఆరునెలలంటే లెంటు దాటి, ఎండాకాలం దాటి, మళ్ళీ నాట్లు పడేదాకా. నేను బురదకాళ్ళతో గట్టెక్కి, చేతులు జోడించి నిలబడ్డాను. ఆయన నావైపు చూడకుండా ముందుకు నడిచారు. ఆమె నడవలేదు.

"మీరు మైకు దగ్గరికి వెళ్ళినప్పుడు నీళ్ళొస్తున్నాయని మీకు తెలుసా?" అనడిగింది.

"తెలియదండీ."

ఆమె ఊరికే చూస్తూ నిలబడింది. ఒప్పుకోవడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అందుకని నేనూ చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆమె గొంతు తగ్గించి, "ఇంకోసారి నాకోసం ఇట్టాంటి పనులు చెయ్యకండి" అంది.

నాలుగడుగులు ముందున్న హెడ్‌మాస్టారుగారు ఆగి వెనక్కి తిరిగారు.

"ఇంకోసారా?"

"అవును నాన్నగారూ."

ఆయన కూతురివంక చూశారు. నా మోకాళ్ళ దాకా ఉన్న బురదవంక చూశారు. మళ్ళీ కూతురివంక చూశారు.

"మరి ఆ రైల్వే వాళ్ళకి ఏం చెప్పమంటావమ్మా?"

ఆమె చీరకుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుని, గట్టు మీది బురద దాటి తండ్రిని కలుసుకుంటూ అంది:

"ఈస్టరు వెళ్ళాక మా పెళ్ళికి రమ్మని చెప్పండి."